అట్టలేని పుస్తకంలో మా ఆయన మాట

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

పడుకునే ముందు వెనక తలుపు గడియ మూడుసార్లు లాగి చూసుకునే మనిషి, పోయేటప్పుడు గడియ పెట్టొద్దని ఎందుకు చెప్పి పంపాడు?

నాలుగేళ్ళుగా మోస్తున్న ప్రశ్న. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. కాలేజీలో ఇచ్చిన ఈ డైరీ జనవరి అంతా ఖాళీగానే ఉంది. ప్రశ్న రాసుకుంటే కాస్త తేలికవుతుందేమో అనుకున్నాను. కాలేదు.

ఇవాళ రత్నవ్వ వసారాలో మా దయ్యాల క్లబ్బు. ఆ పేరు రత్నవ్వ పెట్టిందే. మీసేవలో పనిచేసే మానస మాత్రం "పారానార్మల్ రొమాన్స్ అక్కా" అని దిద్దుతుంది. రెండేళ్ళ నుంచి నడుస్తోంది. రత్నవ్వ, మహేశ్వరి చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు, నేను చదువుతాను. నా చేతులకు బీడీ రాదు, వాళ్ళ చేతులకు ఖాళీ ఉండదు. రత్నవ్వ పెళ్ళి కాకముందు కార్ఖానాలో కూడా ఇంతేనట, ఒకామె పేపరు చదివితే మిగతావాళ్ళు వింటూ చుట్టేవాళ్ళట. త్రివేణి ఆసుపత్రి డ్యూటీ లేని ఆదివారాల్లో వస్తుంది. ఇవాళ రాలేదు.

నూతిలో ఉండే గంధర్వుణ్ణి పెళ్ళాడిన అమ్మాయి కథ ఇవాళ్టితో అయిపోయింది. అయిపోగానే చర్చ.

"గా పిల్ల ఎట్ల నమ్మిందో" అంది మహేశ్వరి. "సూడరాదు, ముట్టరాదు. ఉత్త మాటలే."

"నీ మొగడు మస్కట్‌కు పోయి పదేండ్లాయె" అంది రత్నవ్వ, చేతిలో ఆకు తిప్పుతూనే. "నువ్వు గూడ ఉత్త మాటలతోనే కాపురం చేస్తున్నవ్ గదనే."

అందరికంటే ముందు మహేశ్వరే నవ్వింది. "దయ్యమే నయమవ్వ. నెట్‌వర్క్ లేదని ఫోన్ పెట్టెయ్యది."

కొత్త పుస్తకం మానస తెచ్చింది, నిజామాబాద్‌లో పాత పుస్తకాల కుప్పలో దొరికిందట. అట్ట లేదు. మొదటి ఎనిమిది పేజీలు లేవు. పేరేమిటో, ఎవరు రాశారో తెలియదు. లోపల అద్దె పుస్తకాల షాపు ముద్ర ఒకటి, 1993 అని. నియమం ప్రకారం పుస్తకం రత్నవ్వ దగ్గరే ఉంటుంది, ఎవరూ ముందుకు చదివి చూడకూడదు. ఆ నియమం నేను పెట్టిందే.

5 ఫిబ్రవరి

మా ఆయన నరహరి పసుపు వ్యాపారి, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కళ్ళంలో రైతు ఎంత చెప్పినా వినేవాడు, చివరికి ఒక పసుపు కొమ్ము తీసి పుటుక్కున విరిచి లోపలి రంగు చూసేవాడు. "ఇంతకిస్త" అనేవాడు, అంతే. ఇంట్లోనూ అంతే. పందొమ్మిదేళ్ళలో నా గురించి ఒక మంచి మాట అన్నట్టు గుర్తు లేదు, చెడ్డ మాట అన్నట్టు కూడా లేదు. ఎం.ఏ. చదివి, క్లాసులో శృంగార రసం గురించి గంటసేపు చెప్పి వచ్చి, ఆయన పక్కన కూర్చుని "కూరల ఉప్పు సరిపోయిందా" అని అడిగేదాన్ని. తల ఊపేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నేనూ మా అమ్మాయి దీక్షితా ఇంట్లో ఒక గదిలో, ఆయన నిజామాబాద్ దవాఖానలో. మే పదకొండున, మధ్యాహ్నం. నేను చూడలేదు. మున్సిపాలిటీ వాళ్ళే తీసుకెళ్ళారు. ఆ వార్డులో నాకు తెలిసిన మనిషి నర్సు త్రివేణి ఒక్కతే. ఆరో తరగతి నుంచి నా పక్క బెంచీ.

వారం తర్వాత వచ్చి, గేటు దగ్గరే నిలబడి చెప్పింది. "ఎనక తలుపుకు గడియ పెట్టొద్దని జోస్నకు చెప్పు, నేను వస్త, అన్నడే." అని, "ఎవలకు చెప్పకు. వార్డుల మాటలు బయట చెప్పినమని తెలిస్తే నా నౌకరి పోతది" అంది.

దీక్షితకు కూడా చెప్పలేదు. అప్పటి నుంచి గడియ పెట్టలేదు. హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా అది పెడుతుంది, అది పడుకున్నాక నేను తీస్తాను.

ఆయన వస్తాడని కాదు. నేను అలాంటివి నమ్మను. అంత జాగ్రత్త మనిషి, నాకోసం జాగ్రత్తను పక్కన పెట్టాడు. అది చాలు. ఎన్నోసార్లు ఇలాగే అనుకున్నాను, ప్రతిసారీ చాలలేదు.

9 ఫిబ్రవరి, ఆదివారం

అట్టలేని పుస్తకం మొదలుపెట్టాం. హేమాంగి అని ఒకమ్మాయి. ఆమె ప్రేమించినవాడు క్షయతో ఊరికి దూరంగా శానిటోరియంలో ఉంటాడు. వాడు పోతాడని, పోయాక వస్తాడని పది పేజీల్లోనే తెలిసిపోతోంది. మానసకు భాష పాతగా ఉందట. రత్నవ్వ మాత్రం "నువ్వు సదువు పంతులమ్మ" అంది.

త్రివేణి ఆలస్యంగా వచ్చింది. హేమాంగి పేరు వినగానే, "ఏందే గిది? పాత చెత్త. మానస ఫోన్‌ల కొత్తయి మస్తున్నయ్, గవ్వి సదువుదాం" అంది.

"నువ్వు సదివినవా దీన్ని?" అని అడిగాను.

"లేదే. పేరే తెల్వదు, ఎట్ల సదువుత?"

కాసేపటికే తలనొప్పి అని లేచిపోయింది. పాపం, వరసగా మూడు నైట్ డ్యూటీలట.

12 ఫిబ్రవరి

త్రివేణి ఫోన్ ఎత్తలేదు. డ్యూటీలో ఉండి ఉంటుంది.

16 ఫిబ్రవరి, ఆదివారం

క్లబ్బుకు రాలేదు గానీ సాయంత్రం ఇంటికి వచ్చింది. మొక్కజొన్న గారెలు తెచ్చింది. అవీ ఇవీ మాట్లాడాక, "ఎన్నో పేజీల ఉన్నరు?" అని అడిగింది. డెబ్బై దాటామన్నాను. "వాడు పోయిండా?" అంది. ఇంకా లేదన్నాను.

చెత్త అంటూనే కథ మీద మనసు పడిందని నవ్వుకున్నాను.

23 ఫిబ్రవరి, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. నాకు మాటలు మార్చుకునే అలవాటు ఉంది, రెండు రోజులు పోతే ఇది కూడా మార్చేస్తాను.

త్రివేణి అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. పుస్తకం ఆమె చేతిలో ఉంది.

"ఇయ్యాల నేను సదువుత" అంది. "నీ గొంతు బొంగురు పోయింది."

నా గొంతు బాగానే ఉంది. అయినా సరే అన్నాను, ఎవరైనా నాకు చదివి వినిపించి ఎన్నాళ్ళయిందో. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. త్రివేణి బాగా చదువుతుంది. శానిటోరియంలో వాడి ఆఖరి రోజు వచ్చింది. నర్సు వచ్చి దుప్పటి సర్దింది. వాడు నర్సు చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత వాక్యంలో హేమాంగి నది ఒడ్డున ఏడుస్తోంది.

"ఆగు" అంది రత్నవ్వ. "కథ తెగింది."

"తెగలేదవ్వ."

"రెండు కాయితాలు ఒక్కపారి తిప్పినవ్. చప్పుడు నాకు ఎర్కైతది. చెయ్యి పట్టుకొని వాడేమన్నడు?"

రత్నవ్వకు చదువు రాదు. నలభై ఏళ్ళు వింటూ బతికిన మనిషి, కాగితం చప్పుడు కూడా వింటుంది.

"పేజీలు అతుక్కున్నట్టున్నయి" అంది త్రివేణి, పుస్తకం వదలకుండా. నేనే చెయ్యి చాచి తీసుకున్నాను. అతుక్కోలేదు. వెనక్కి తిప్పి చదివాను.

"'వెనక తలుపు గడియ పెట్టవద్దని హేమాంగితో చెప్పండి సిస్టర్. నేను వస్తాను' అన్నాడతను."

చదివాక గానీ ఏం చదివానో తెలియలేదు. పుస్తకం భాషలో ఉందంతే. త్రివేణి దాన్ని మా భాషలోకి మార్చి, నా పేరు పెట్టి నాకిచ్చింది.

తల ఎత్తేలోపే రత్నవ్వ చేతుల్లో బీడీ ఆగిపోయింది. ఆ చేతులు ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"గది మా గంగాదాస్ మాట గదా" అంది. "నా కొడుకు నాకు చెప్పి పంపిన మాట. గా బుక్కులకు ఎట్లచ్చింది?"

గంగాదాస్ రత్నవ్వ కొడుకు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి అదే వార్డులో పోయాడు, నరహరి తర్వాత ఎనిమిది రోజులకు.

మహేశ్వరి "ఏం మాటవ్వ?" అంది. రత్నవ్వ చెప్పేసింది. ఎవరికీ చెప్పొద్దన్న సంగతి ఆ సంబరంలో మరిచిపోయింది. "ఎనక తలుపుకు గడియ పెట్టొద్దని మా అవ్వకు చెప్పు, నేనొస్త అన్నడట. త్రివేణే చెప్పింది. వాడు చిన్నప్పటి సంది ఎనక తలుపుల కెళ్ళే వస్తుండె, సినిమాకు పోయి. గందుకే గట్లన్నడు. సూడు, చచ్చిపోయేటోళ్ళకు అందరికి గదే మాట యాదికొస్తదేమో."

త్రివేణి నావైపు చూడలేదు. తునికాకులు ఒక్కొక్కటే తీసి సమంగా పేరుస్తోంది, అది ఆమె పని కాకపోయినా.

నేను చదవడం ఆపలేదు. ఆ అధ్యాయం చివరిదాకా చదివాను. ఎందుకు ఆపలేదో తెలియదు. ఆపితే రత్నవ్వకు తెలిసిపోతుందని అనిపించింది. లేదా నాకు.

24 ఫిబ్రవరి

కాలేజీకి సెలవు పెట్టాను.

25 ఫిబ్రవరి

రెండేళ్ళు. అదే వసారాలో నేనూ రత్నవ్వా మూరెడు దూరంలో కూర్చుని, అదే మాట ఎవరికి వాళ్ళం దాచుకుని, దయ్యాల కథలకు నవ్వుకుంటూ. మధ్యలో త్రివేణి. ఆమె కూడా నవ్వింది.

ఎవరికీ చెప్పకు, నౌకరి పోతుంది. ఇప్పుడు అర్థమైంది ఎందుకో. కాదు, వెంటనే అలా అనుకోకూడదు. నిజంగానే నౌకరి భయమేమో. గంగాదాస్ నిజంగానే అన్నాడేమో, నరహరీ నిజంగానే అన్నాడేమో. నరహరి ఇంటర్లో ఉన్నప్పుడు ఆ పుస్తకం చదివాడేమో. ఆయన పేపర్లో వాతావరణం తప్ప ఏమీ చదివేవాడు కాదు. అయినా పెళ్ళికి ముందు సంగతి నాకేం తెలుసు.

పైన రాసింది మళ్ళీ చదివాను. 'ఇప్పుడు అర్థమైంది ఎందుకో' అన్నదాకానే నిజం.

27 ఫిబ్రవరి, గురువారం

శివరాత్రి మర్నాడు. పదకొండు గంటలకు త్రివేణి ఇంటికి వెళ్ళాను. యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. "రా" అంది. ఆపలేదు.

"గా పుస్తకం ఎప్పుడు సదివినవ్?"

"ఇంటర్ల. కిరాయికి తెచ్చి, మా అమ్మకు తెల్వకుంట బియ్యం డబ్బల దాచి సదివిన. గా మాట కాడ మస్తు ఏడ్సిన."

"నరహరి ఏమన్నడు?"

"ఏమన్లే."

"ఏమన్లే అంటే?"

"నోట్ల పైపు ఉండె జోస్నా. నాలుగు దినాల సంది. ఎట్ల మాట్లాడ్తడు? నువ్వు సదువుకున్నదానివి, నీకు తట్టలే?"

నన్నే అడిగింది. తప్పు పట్టినట్టు కాదు, ఇన్నాళ్ళూ ఆమెకు కూడా ఆ సందేహం ఉన్నట్టు అడిగింది. తట్టలేదా? వెంటిలేటర్ పెట్టారని నాకు తెలుసు. దానికి ఒప్పుకోలు కాగితం వాట్సాప్‌లో వస్తే సరేనని పంపింది నేనే.

"దినాం ఇరవై సార్లు ఫోన్ చేసినవ్" అంది. "ఏమన్నడే, నా పేరు తీసిండా అని. గా దినం మా వార్డుల ముగ్గురు పోయిండ్రు. నిన్ను ఉత్త చేతులతోని పంపబుద్ధి కాలే. నోట్లకు గదే వచ్చింది."

"రత్నవ్వకు?"

"నీకు చెప్పినంక నువ్వు రెండు ముద్దలు తిన్నవని దీక్షిత చెప్పింది. మందు పనిచేసినట్టే అనిపిచ్చింది. గంగాదాస్ పోయిననాడు రత్నవ్వ దవాఖాన గేటు కాడ మన్నుల కూసున్నది. లేస్తలేదు. నేనేం చెయ్యాలె?"

"ఇంకెవలకు చెప్పినవ్?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "లెక్క పెట్టలే."

ఎవలకు చెప్పకు అన్నది అందుకేనా అని అడిగాను. "గట్లంటెనే నమ్ముతరు" అంది. అంత నెమ్మదిగా అంది. ఆమె ఏడిస్తే నేను కొంత కోపం పోగొట్టుకునేదాన్నేమో. ఏడవలేదు.

"రెండేండ్లు నా పక్కన కూసున్నవ్."

"కూసున్న. నువ్వు మంచిగున్నవ్ గద. రత్నవ్వ మంచిగున్నది. మిమ్మల్ని చూస్తె నాకు గూడ జర నిద్ర పడుతుండె."

"అసలేమన్నడో గది చెప్పు. ఏదన్న ఒక్కటి."

యూనిఫాం మడత పెట్టింది. "పైపు పెట్టకముందు ఒక్కపారి అడిగిండు. వానొస్తుందా సిస్టర్ అని. కిట్టు ఏసుకొని ఉంటి, నన్ను గుర్తు పట్టలే. గంతే. నీ పేరు తియ్యలే జోస్నా. తీసిండని చెప్పుమంటె చెప్త."

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది. "రత్నవ్వకు చెప్పకు."

2 మార్చి, ఆదివారం

వెళ్ళలేదు. మానస వచ్చి గేటు దగ్గర పిలిచింది. జ్వరమని చెప్పాను. "త్రివేణక్క కూడ రాలే" అంది. "అక్కా, గా బుక్కు మాటకే నారాజైనరా? నువ్వు చదివినంక నీ మొఖం మారింది." లేదన్నాను.

3 మార్చి

గడియ పెట్టాను. పొద్దున చూస్తే పెట్టినట్టే ఉంది. ఏమనుకున్నానో మరి.

4 మార్చి

వాన. ఆయన అడిగింది వాన గురించి. ఆ మాట ఎలా నమ్మాలి? నాలుగేళ్ళు నమ్మిన మాట చెప్పిన నోరే ఇది కూడా చెప్పింది. అందంగా లేదు కాబట్టి నిజమనుకోవాలా?

కానీ ఆయన మాటలా ఉంది. చాలా ఆయన మాటలా ఉంది. అదే నన్ను ఎక్కువ బాధిస్తోంది.

6 మార్చి, గురువారం

ఇంటర్ పరీక్షల డ్యూటీ అయి వస్తుంటే రోడ్డు పొడవునా పసుపు ట్రాక్టర్లు. బస్తాల పక్కన రాజమల్లు కనిపించాడు. నరహరి దగ్గర పదేళ్ళు సరుకు చూసినవాడు, ఇప్పుడు వేరే సేటు దగ్గర. "బాగున్నవా వదినా" అన్నాడు. ఉండబట్టలేక అడిగేశాను, ఆయన పోయిన ఏడు మేలో వానలు పడ్డాయా అని.

"ఎందుకు పడలే? కమ్మర్‌పల్లి కళ్ళంల మనది ముప్పై బస్తాల సరుకు ఆరబోసి ఉండె. అన్న దవాఖాన కెళ్ళి ఫోన్ చేసిండు. మొగులైతుంది, టార్పాలిన్లు కప్పుర్రి అన్నడు. మాట్లాడుతుంటె దగ్గు. గదే ఆఖరి ఫోన్."

నాకు చేయలేదు. ఆయన ఆఖరి ఫోన్ రాజమల్లుకు. పసుపు గురించి.

ట్రాక్టర్ల మధ్య నిలబడి ఉన్నాను. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు, రాజమల్లు మాత్రం చూశాడు. అడక్కూడదనుకుంటూనే అడిగాను. "నా గురించి ఏమన్న అన్నడా?"

ఒక నిమిషం పట్టింది. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నీకు చెప్పద్దన్నడు వదినా. ఊపిరి ఆడుతలేదని జోస్నకు చెప్పకు, ఫికర్ చేస్తది అన్నడు."

ఇంటికొచ్చేదాకా ఆ మాట నాతో ఉంది. ఇల్లు చేరాక ఆ ఒక్క నిమిషం గుర్తొచ్చింది. ఆ నిమిషం గుర్తు తెచ్చుకోవడానికా, తయారు చేసుకోవడానికా?

వదిన మొహం చూసి ఏదో ఒకటి చెప్పాలనిపించే మనిషే రాజమల్లు. మంచివాడు. త్రివేణి కూడా మంచిదే.

7 మార్చి

నాకు తెలిసింది ఇంత. త్రివేణి నా దగ్గర్నుంచి ఒక అబద్ధం తీసుకుపోతూ, ఎవరు మంచి మాట చెప్పినా నమ్మగలిగే శక్తిని కూడా తీసుకుపోయింది. రాజమల్లు చెప్పింది నిజమైతే అది నా పెళ్ళి మొత్తంలో నాకు దక్కిన ఒకే ఒక మాట. దాన్ని పట్టుకోలేకపోతున్నాను.

11 మార్చి

దీక్షిత ఫోన్. గొంతు అదోలా ఉందేమంది. పేపర్లు దిద్దుతున్నానని చెప్పాను. "నాన్న నా గురించి ఏమన్నా..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఎప్పుడైనా అడుగుతుంది అలా. ఇదివరకు, నీ గురించే ఆలోచించేవాడు అని వెంటనే అనేదాన్ని. ఇవాళ, "నాకు తెల్వది బిడ్డా" అన్నాను.

"సరే" అంది. తర్వాత, మెస్‌కు టైమవుతోందంది.

13 మార్చి

రత్నవ్వకు చెప్పాలి.

ఆమె వెనక తలుపు తీసిపెట్టుకుని పడుకుంటోంది. ఆ సందులో కుక్కలు, తాగుబోతులు. అరవై ఏడేళ్ళ మనిషి, ఒక్కతే. నాకు తెలిసిన నిజం ఆమెకూ తెలియాలి. ఇది న్యాయం. ఆమె నాకంటే తక్కువా, చదువు రానంత మాత్రాన మోసంలోనే ఉండిపోవాలా?

చాలా బాగా రాశాను. త్రివేణి ఆ వసారాలో మళ్ళీ కూర్చోకూడదని నాకుంది. ఆ సంగతి పైన ఎక్కడా రాయలేదు.

16 మార్చి, ఆదివారం

చెప్పడానికే వెళ్ళాను. దారిలో మాటలు కూర్చుకున్నాను. "అవ్వ, నేను నీకొకటి చెప్పాలె, నువ్వు ధైర్యం చేసుకోవాలె." మొదటి వాక్యం అదే.

రత్నవ్వ ఒక్కతే ఉంది. మొన్నటి హోలీ రంగు వసారా గచ్చు మీద అక్కడక్కడా మిగిలింది. మహేశ్వరి, మానస ఇంకా రాలేదు. చాట పక్కన పెట్టి ఉంది, ఒళ్ళో లేదు. బుట్టలో బీడీలు పదో పన్నెండో ఉన్నాయి. అట్టలేని పుస్తకం మీద నీళ్ళ చెంబు పెట్టింది.

"నువ్వొస్తవని తెలుసు పంతులమ్మ" అంది. "కూసో. త్రివేణి ఎందుకొస్తలేదు?"

"డ్యూటీ అవ్వ."

"డ్యూటీ కాదు. నాకు చెవులున్నయి." పుస్తకం మీది చెంబు పక్కకు జరిపింది. "మొన్న మానస అన్నది. బుక్కుల మాట బుక్కులదే అవ్వ, త్రివేణక్క బుక్కు చూసి నీకు చెప్పి ఉంటది అని. చిన్నపిల్ల, నవ్వుకుంటనే అన్నది. గప్పటి సంది నాకు అన్నం పోతలేదు. చెయ్యి నడుస్తలేదు, సూడు." బుట్టకేసి చూపించింది. "నువ్వు సదువుకున్నదానివి. త్రివేణి నీకు దోస్తు. నువ్వు చెప్తె నమ్ముత. నా కొడుకు గా మాట అన్నడా, లేదా?"

నేను కూర్చిపెట్టుకున్న వాక్యం నాలుక మీదే ఉంది. దానికంటే మంచి సమయం రాదు కూడా, ఆమే అడిగింది.

"అన్నడవ్వ" అన్నాను. "నేను త్రివేణిని అడిగిన."

"ఒట్టు?"

"ఒట్టు."

"మరి బుక్కుల?"

"పుస్తకాలల్ల గూడ మనసోంటోళ్ళ మాటలే రాస్తరు గదవ్వ." ఆమె ఇంకా నా మొహం వంకే చూస్తోంది. చాలలేదని నాకు తెలిసిపోయింది. ఎవరో లోపల నుంచి అందించినట్టు మిగతాది వచ్చేసింది. "నీళ్ళడిగిండట. రెండు గుక్కలు తాగి, గప్పుడు చెప్పిండట, మా అవ్వకు చెప్పు అని."

ఆ నీళ్ళు ఎక్కడివో నాకు తెలియదు. ఎవరూ నాకు నీళ్ళ సంగతి చెప్పలేదు. పుస్తకంలో కూడా లేవు.

"నీళ్ళు తాగిండా" అంది రత్నవ్వ. నోటి దగ్గర కొంగు పెట్టుకుంది. "గది నాకు చెప్పలే త్రివేణి. దూపతోని పోయిండేమో అని నాలుగేండ్ల సంది... నీళ్ళు తాగిండా. ఎవలు తాపిండ్రు?"

"త్రివేణే తాపింది."

"నిండ నూరేండ్లు బతకాలె అది" అంది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని చాట ఒళ్ళోకి లాక్కుంది. "దాన్ని రమ్మను. వచ్చే ఐతారం రాకపోతె నేనే దాని ఇంటికి పోత అని చెప్పు."

మానస, మహేశ్వరి వచ్చారు. నేను చదివాను. గొంతు బాగానే ఉంది.

17 మార్చి

పొద్దుట నుంచి త్రివేణి రెండుసార్లు ఫోన్ చేసింది. రత్నవ్వ చెప్పి ఉంటుంది, నీళ్ళు తాపినందుకు దండాలు పెట్టి ఉంటుంది. ఎత్తలేదు.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. నలభై ఆరేళ్ళ దాన్ని, మాట్లాడే ముందు ప్రతి మాటకూ పదిసార్లు వెనక్కీ ముందుకీ పోయేదాన్ని. దానికి మాత్రం ఒక్క క్షణం పట్టలేదు. రాజమల్లుకు నిమిషం పట్టింది. ఆ లెక్కన అతను చెప్పింది నిజమేనేమో అని తెల్లారగట్ల అనిపించింది. ఇప్పుడు అంత నమ్మకంగా లేదు.

తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను. రత్నవ్వకు నేను అబద్ధం చెప్పాను. అడిగితే మళ్ళీ చెబుతాను. ఇందులో సందేహం లేదు.

త్రివేణి నాకు చేసిందీ ఇదే. ఇది తప్పు కాకపోతే అదీ తప్పు కాదు, ఆమె ఫోన్ ఎత్తాలి. ఎత్తలేను. ఆమె నాకు చేసింది ఇప్పటికీ మోసమే. నేను రత్నవ్వకు చేసింది మోసమని మాత్రం అనిపించడం లేదు. రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలియదు. ఆమె అబద్ధం చెప్పినందుకు కోపమా, అదే మాట ఇంకొకరికి కూడా ఇచ్చినందుకా అన్నది కూడా తేల్చుకోలేకపోయాను.